చలి కోసం వెళితే వాన ఎదురొచ్చింది

చెన్నైలో చలికాలం ఉండదు. ఉందని అక్కడివాళ్ళు అనుకుంటారు, అది వేరే సంగతి. డిసెంబరు సగం గడిచేసరికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెవులకి మఫ్లర్ చుట్టుకుని, దోమలకి భయపడి ఫ్యాను కింద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి వణికి చూపిస్తూ ఉంటాడు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో కాపురం చేస్తున్నాను. వాళ్ళ కాఫీ నాకు నచ్చింది, మార్గళి నెలలో వేసే ముగ్గులు నచ్చాయి, సాంబారుతో కూడా సర్దుకున్నాను. ఈ చలి విషయంలో మాత్రం రాజీ పడలేకపోయాను. ఎందుకంటే నేను పుట్టి పెరిగింది తెనాలిలో. చలంటే ఏంటో నాకు తెలుసు.

కొత్త సంవత్సరం వచ్చే రోజుల్లో మా ఇంట్లో కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టేది. అమ్మ దాన్ని పొయ్యిగట్టు మీద పెట్టి కరిగించి మా తలలకి రాసేది. తలుపు తీస్తే ఎదురింటి అరుగు కనపడేది కాదు. బావిలోంచి తోడిన నీళ్ళ మీద ఆవిరి లేచేది. నేను ఎనిమిదో క్లాసు చదివిన ఏడు మరీ చలి. పాత చీరలు కుట్టిన ఒకే బొంత కింద మేం అయిదుగురు పిల్లలం పడుకుని, నువ్వు లాగావంటే నువ్వు లాగావని తెల్లారేదాకా తన్నుకునేవాళ్ళం. ఆ అయిదుగురిలో ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. వయసు మీద పడుతున్నకొద్దీ ఆ చలి నాకు పదేపదే గుర్తొస్తోంది.

ఒక్కసారి వెళ్ళి ఆ చలిలో కూర్చుని వస్తానంటే మా ఆయన నవ్వి, అంత సరదాగా ఉంటే ఊటీకి టికెట్లు తీస్తానన్నారు. ఊటీ చలి నాకెందుకు? అది ఎవరి చలో. నేను శాలువా, ఉన్ని సాక్సులు, ఎప్పుడో కొన్న స్వెట్టరు సర్దుకుని డిసెంబరు చివర్లో తెనాలి రైలెక్కాను. గొడుగు పెట్టుకోమని ఆయన రెండుసార్లు అన్నారు. చలికాలంలో గొడుగేంటని నేను పెట్టుకోలేదు.

తెనాలి

రైలు తెనాలి చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. దిగబోయే ముందే స్వెట్టరు తొడుక్కుని శాలువా కప్పుకున్నాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే చెమట పట్టింది. ఆకాశం నిండా మబ్బు, గాలిలో తడి ఆవిరి. టీ అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూసి, కాశ్మీరు నుంచి వస్తున్నారా మామ్మగారూ అని అడిగాడు. బంగాళాఖాతంలో ఏదో అల్పపీడనం పట్టిందని, రెండు రోజులుగా ఇలాగే ఉక్కగా ఉందని అతనే చెప్పాడు.

కొత్తపేటలో నా చిన్ననాటి స్నేహితురాలు సరోజిని ఉంది. బళ్ళో నా పక్కన కూర్చునేది. దాని ఇంట్లో దిగాను. పొద్దున్నే ఇద్దరం టిఫిన్‌కి బయల్దేరాం. నెయ్యీ కారప్పొడీ వేసిన నాలుగు ఇడ్లీలకి హోటలతను తీసుకున్న డబ్బులు చూసి, మా మైలాపూరు హోటల్లో ఆ డబ్బుకి చట్నీ కూడా వేయరు కదా అనుకున్నాను. ధనుర్మాసం కాబట్టి వీధిలో ఇంటింటి ముందూ ముగ్గులున్నాయి గానీ, రాత్రి తుంపరకి సగం చెదిరిపోయి ఉన్నాయి. చెన్నైలో కోలాలు బియ్యప్పిండితో సన్నగా, పద్ధతిగా వేస్తారు. మావాళ్ళది ధారాళమైన చెయ్యి, వీధి సగం ముగ్గుకే పోతుంది. చెదిరిన ముగ్గుల్ని దాటుకుంటూ నడవడం నాకు కష్టంగా అనిపించింది.

ఇడ్లీలు తింటూ సరోజినిని అడిగాను, మన ఎనిమిదో క్లాసులో ఎంత చలో గుర్తుందా అని. దానికి గుర్తులేదు. అన్నిటికన్నా ఎక్కువ చలి తన పెళ్ళైన ఏడాది అంది. పక్క బల్ల మీద దోసె తింటున్న పెద్దాయన మా మాటలు విని, ఆ రెండూ కాదమ్మా, మా పెద్దమ్మాయి పుట్టిన ఏడని కలగజేసుకున్నాడు. పురిటిగది ముందు రాత్రంతా గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడట. కౌంటరు దగ్గర హోటలు ఓనరు, తను ఈ హోటలు పెట్టిన కొత్తలో అని నాలుగో ఏడాదిని తెచ్చాడు. ఎవరూ తగ్గలేదు. ఒక్కొక్కరూ చెప్తున్న ఏడాది చూస్తే, అది ఊరికి చలి ఎక్కువైన ఏడాది కాదని, వాళ్ళ బతుకులో ఏదో జరిగిన ఏడాదని నాకు అర్థమైంది. అయినా నా ఎనిమిదో క్లాసును మాత్రం నేను వదులుకోలేదు.

సాయంత్రం మా పాత ఇంటి వైపు నడిచాం. అక్కడ ఇప్పుడు మూడంతస్తుల కళ్ళజోళ్ళ కొట్టుంది. బావి ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి కాసేపు నిలబడి చూశాను. జనరేటరు పెట్టిన చోటని సరోజిని అంది. ఆ రాత్రి ఫ్యాను వేసుకుని పడుకున్నాం.

బాపట్ల, సూర్యలంక

సముద్రం దగ్గరైతే గాలి ఉంటుంది కదా, అదైనా చల్లగా తగులుతుందని మర్నాడు బాపట్ల రైలెక్కాను. ఎదురు సీట్లో రిటైరైన సైన్సు మాస్టారు, ఆయన భార్య కూర్చున్నారు. నా గొడవ విని మాస్టారికి మహా ఉత్సాహం వచ్చింది. తను రోజూ పేపర్లో వచ్చే ఉష్ణోగ్రతలు చూస్తాడట. మన డెల్టాలో అన్నిటికన్నా తక్కువ పడ్డ రోజు తనకి తెలుసు గానీ, ఆ అంకె మాత్రం చెప్పనన్నాడు.

"చెబితే మీరు నవ్వుతారండి. ఢిల్లీలో అంత ఉంటే స్వెట్టర్లు విప్పేస్తారు" అన్నాడు.

మరి మనకి అంత చలి ఎందుకు వేసిందని అడిగాను. అప్పుడు మన ఒంటిమీద సరైన బట్టలు లేవు కాబట్టి అంది ఆయన భార్య, కిటికీలోంచి చూపు తిప్పకుండానే. అంతవరకూ ఆ సంగతి నాకు తోచలేదు. మా బొంత ఎంత పల్చగా ఉండేదో గుర్తొచ్చింది.

బాపట్లలో భోజనం చేసి, ఆటో మాట్లాడుకుని సూర్యలంక వెళ్ళాను. క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా ఇళ్ళ మీద వేలాడుతూనే ఉన్నాయి. బీచ్‌లో జనం పల్చగా ఉన్నారు. సముద్రం బురదరంగుగా ఉంది. ఒకావిడ ఉడికించిన తేగలు కట్టలు కట్టి అమ్ముతోంది. తాటిటెంక మొలిచి భూమిలో దిగిన ఆ వేరు మా చిన్నప్పుడు చలికాలపు తిండి. చెన్నైలో కూడా దొరుకుతాయి గానీ ఇంత కమ్మగా ఉండవు. ఒక కట్ట కొని, అక్కడే నిలబడి నార తీసుకుంటూ తింటూ, ఈ ఏడు చలి ఎలా ఉందమ్మా అని అడిగాను. చలి ఉంటేనే తేగలు అమ్ముడుపోతాయని, ఈ ముసురుకి ఎవరూ ఇటు రావట్లేదని ఆవిడ విసుక్కుంది. నాకులా చలి కోసం చూసే మనిషి ఒకరైనా దొరికినందుకు సంతోషించి ఇంకో కట్ట కొన్నాను.

ఆ కట్ట అందుకుంటుండగానే వాన కొట్టింది. ముందుగా ఒక్క చినుకు కూడా పడలేదు, ఒకేసారి దిగిపోయింది. తేగలావిడ తన గంప మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, తనూ అందులో దూరింది. నేను శాలువా నెత్తిన వేసుకుని ఆటో దాకా పరిగెత్తాను. ఉన్ని శాలువా ఎన్ని నీళ్ళు తాగుతుందో ఆ రోజు తెలిసింది. బాపట్లలో తీసుకున్న లాడ్జికి చేరేసరికి లోపలి బట్టలతో సహా ముద్దైపోయాను. రాత్రి తుమ్ములు మొదలయ్యాయి. శొంఠికాఫీ దొరుకుతుందా అని అడిగితే, లాడ్జి కుర్రాడు కూల్‌డ్రింక్ తెచ్చిపెట్టాడు.

రేపల్లె బండిలో

తెనాలి వచ్చి బండి మారి, మధ్యాహ్నం రేపల్లె ప్యాసింజరెక్కాను. భట్టిప్రోలులో మా మేనత్త కొడుకు శేషగిరి ఉన్నాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. వ్యవసాయం చేస్తాడు. పొలం గట్టున ఇల్లు కాబట్టి అక్కడైనా నా చలి దొరుకుతుందని చివరి ఆశ.

ఆ బండిలో ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు, మీ ఊళ్ళో పడిందా అని. పడిందంటే ఎంత పడిందని. చేను పనల మీద ఉందా, కుప్ప వేశారా అని ఆ వెంటనే ఇంకో ప్రశ్న. కోసిన వరిని చేలోనే వరసలుగా పరుస్తారు, అవి పనలు. ఎండిన పనల్ని ఎత్తి ఒకచోట పేరిస్తే కుప్ప. పనల మీద ఉండగా వాన కొడితే గింజ తడిసి అక్కడే మొలకెత్తుతుంది. ఇవన్నీ నాకు చిన్నప్పుడే తెలుసు, మర్చిపోయానంతే. కిటికీలోంచి చూస్తుంటే పొడుగునా చేలన్నీ పనల మీదే ఉన్నాయి. నేను మాత్రం బుద్ధి లేకుండా పక్కావిణ్ణి, మీ వైపు చలి ఎలా ఉందని అడిగాను. ఆవిడ నా మొహం ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

భట్టిప్రోలు

శేషగిరి స్టేషనుకి వచ్చాడు. స్వెట్టరు, దాని మీద మఫ్లరు, నెత్తిన మంకీ క్యాప్. మావాడికి ఉబ్బసం ఉంది. కార్తీకమాసంలో ఎక్కిన ఆ మంకీ క్యాప్ మళ్ళీ శివరాత్రికి గానీ దిగదు. ఇంట్లో దిగగానే నాకు అర్థమైంది, మొగుడూపెళ్ళాల మధ్య యుద్ధం నడుస్తోందని.

శేషగిరి భార్య నాగమణి మాట తక్కువ, పని ఎక్కువ మనిషి. వాళ్ళ చేను కాలవకి అవతలే, మేడ మీద గదిలోంచి కనిపిస్తుంది. ఆ చేలో పనలు నాలుగు రోజుల కిందట పడ్డాయి. మిషనుతో కోయించలేదేమని అడిగాను. కోతకి ముందే నిలబడ్డ వరిలో మినుములు చల్లేశారట. ఆ తడికి మినుము మొలిచి కాస్త పైకి వచ్చింది. దాని మీద మిషను తిరిగితే రెండో పంట పోతుంది. అందుకని చేత్తో కోయించారు. కోసిన మర్నాడు తుంపర పడి పనలు తడిశాయి.

ఇప్పుడు తగువేంటంటే, తడి పనల్ని ఇప్పుడే కుప్ప వేయాలా, ఇంకో రోజు ఆరనివ్వాలా. తడిగా కుప్ప వేస్తే లోపల వేడి పుట్టి ధాన్యం రంగు మారుతుంది, ముక్కిపోతుంది. ఆరదామని వదిలేస్తే, ఈలోగా వాన పడితే మొత్తం పోతుంది. ఉప్పు చల్లి కుప్ప వేసేద్దామంటుంది నాగమణి. తడిసిన పనలు పేర్చేటప్పుడు వరసకీ వరసకీ మధ్య కల్లుప్పు చల్లితే మొలక రాదని, వేడి అంతగా పుట్టదని వాళ్ళ పుట్టింటివాళ్ళ నమ్మకం. ఒక్క పొద్దు ఎండ కాస్తే చాలంటాడు శేషగిరి. పోయినేడు మినుము చేతికి రాలేదు. ఈ వరి కూడా పోతే వచ్చే పంటకి ఈ చేను చేతిలో ఉంటుందో లేదో అని నాగమణి నాతో వంటింట్లో, అతనికి వినపడకుండా అంది.

ఫోన్లలో చూస్తే ఒకటి వాన పడుతుందంటుంది, ఇంకోటి పడదంటుంది. అందుకని శేషగిరి తన పాత లెక్క పట్టుకున్నాడు. ఉత్తరపు గాలి తిరిగితే మబ్బు విడుతుంది. మబ్బు విడిచిన రాత్రి చలి పుడుతుంది. కాబట్టి తెల్లారుజామున చలేసిందంటే ఇక వాన భయం లేనట్టే. రేపు పొద్దున చలి ఉంటే పనలు ఆరనిద్దాం, లేకపోతే కుప్ప వేద్దామని తీర్మానం చేశాడు. చలి కోసం ఎదురుచూసేవాళ్ళు ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురం అయ్యాం. నాకు లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను.

మర్నాడు, అంటే డిసెంబరు ముప్పై ఒకటిన, తెల్లవారకుండానే నాకు మెలకువ వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కాళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. కప్పుకున్న దుప్పటి చాలట్లేదు. ఎన్నేళ్ళైందో అలా వణికి. ఆ వణుకులో ఒక్క క్షణం నాకు అమ్మ పక్కన లేచి పొయ్యి వెలిగిస్తున్నట్టే అనిపించి కళ్ళనీళ్ళు వచ్చాయి. దుప్పటి కప్పుకునే కిందకి దిగాను. వాకిట్లో శేషగిరి ఆకాశంకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"శేషూ, వచ్చిందిరా. ఒళ్ళంతా గడగడా వణికిపోతోంది" అన్నాను.

వాడి మొహం ఒక్కసారిగా విప్పారింది. అప్పటిదాకా వాడంతట వాడు తేల్చుకోలేకపోతున్నాడు. మంకీ క్యాపూ మఫ్లరూ తీస్తే కదా చలో కాదో తెలిసేది. నా వణుకు కళ్ళారా చూశాక ఇక అనుమానమేముంది? వెంటనే కూలీల్ని తీసుకొచ్చే మరియమ్మకి ఫోను చేసి, ఈ రోజు కుప్ప వద్దని చెప్పేశాడు. వాళ్ళు కొత్త సంవత్సరం వంటలకని ఆగిపోయారు.

నాగమణి కాఫీ తెచ్చి నా చేతికిచ్చింది. గ్లాసు అందుకుంటుంటే నా వేళ్ళు ఆవిడ వేళ్ళకి తగిలాయి. ఆవిడ ఆగిపోయింది. మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. వాకిట్లోకి వెళ్ళి, భుజాలకి చుట్టుకున్న పమిట చెంగు తీసి గాలిలో కాసేపు నిలబడింది. తిరిగొచ్చి మెల్లగా అంది.

"అక్కా, మీ చలి బయట నుంచి రావట్లేదు. మీకు నిప్పులా జ్వరం కాస్తోంది."

శేషగిరి మంకీ క్యాప్ తీసేశాడు. వాడి తల మీద చెమట చూసి నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఇన్ని రోజులుగా కోరుకున్న చలి కాబట్టి, వణుకు రాగానే అదేనని ఎగిరి గంతేశాను. వాడికి కావలసిందీ అదే కాబట్టి వాడూ నమ్మాడు.

నాగమణి వెంటనే బయల్దేరింది. స్కూటీ తీసుకుని మరియమ్మ వాళ్ళ పేటకి వెళ్ళింది. తర్వాత తనే చెప్పింది, ఆ రోజు ఎవరినీ కదిలించడం కష్టమైందని. చర్చిలో రాత్రి ప్రార్థన. ఇళ్ళల్లో అరిసెలు వండుకుంటున్నారు, తోరణాలు కడుతున్నారు. వద్దన్నది మీరే కదా, మళ్ళీ రమ్మంటే ఎలాగని ఒకరిద్దరు కోప్పడ్డారట. మరియమ్మ మాత్రం పొయ్యి మీది మూకుడు దించేసి వచ్చింది.

"సాయంత్రానికి మాత్రం ప్రార్థనకి వదిలేయాలమ్మా. అప్పటిదాకా వంచిన నడుం ఎత్తం" అందట.

నేను మేడ మీద గదిలో రెండు బొంతల కింద పడుకుని కిటికీలోంచి చూశాను. ఆడవాళ్ళు పనలు ఎత్తి మోపులు మోస్తున్నారు. శేషగిరి, ఇంకో ఇద్దరు మగవాళ్ళు కుప్ప మీద నిలబడి గింజలుండే వెన్నులు లోపలికి వచ్చేటట్టు గుండ్రంగా పేరుస్తున్నారు. నాగమణి చేటలో ఉప్పు పట్టుకుని వరస వరసకీ చల్లుతోంది. అంత దూరం నుంచి చూస్తే పసుపూకుంకుమా చల్లుతున్నట్టే ఉంది. మధ్యలో నిద్రపట్టేది, మళ్ళీ మెలకువ వచ్చి ఎంత ఎత్తు లేచిందో చూసేదాన్ని. కుప్ప మీద పట్టా కప్పి తాళ్ళు బిగిస్తుండగా తొలి చినుకులు పడ్డాయి. చీకటి పడేలోగా చేను నీళ్ళతో నిండిపోయింది. తడిసిన చీరలతోనే వాళ్ళు ప్రార్థనకి పరిగెత్తారు.

రేపల్లె

కొత్త సంవత్సరం రోజు పొద్దున జ్వరం ఇంకా తగ్గలేదు. నాగమణి నన్ను ఆటోలో రేపల్లె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా వాన. చేలల్లో నీళ్ళ మీద పనలు తేలుతున్నాయి. ఎవరివో తెలియకపోయినా ఆ చేలు చూస్తుంటే ఏడుపొచ్చింది. మాది తేలనందుకు సంతోషించాలో, ఎదుటివాళ్ళది తేలినందుకు బాధపడాలో తెలియక నాగమణి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

రేపల్లె వీధుల్లో రాత్రి వేసిన హ్యాపీ న్యూ ఇయర్ ముగ్గులు కరిగి, ఎరుపూ పచ్చా నీలం కలిసి మురిక్కాలవలోకి పోతున్నాయి. బేకరీల ముందు మాత్రం గొడుగులు వేసుకుని మరీ జనం కేకుల కోసం నిలబడ్డారు. మిల్లుల ఆవరణల్లో ధాన్యం బస్తాల మీద నల్ల పట్టాలు కప్పి ఉన్నాయి. డాక్టరుగారు నా నోట్లో థర్మామీటరు పెట్టి, నా వైపు చూడకుండా నాగమణిని అడిగాడు.

"కుప్ప వేశారా అమ్మా?"

వేశామంది. తడిగానా అన్నాడు. తడిగానే అంది. ఉప్పు చల్లారా అన్నాడు. ఆ తర్వాతే నా జ్వరం సంగతికొచ్చాడు. చెన్నైలో మా డాక్టరు రేటు పెంచినప్పుడు తప్ప తలెత్తి మాట్లాడడు. ఇక్కడ ఈయనకి కూడా పక్కూళ్ళో చేనుందట, పనల మీద ఉండిపోయిందట. ఇంజెక్షను ఇచ్చి, మాత్రలు రాసి, ఫీజు వద్దన్నాడు, పండగ పూట అని.

నాగమణి వెళ్తూ వెళ్తూ బేకరీ దగ్గర ఆటో ఆపించి ఓ చిన్న కేకు, మరియమ్మ వాళ్ళకని ఓ పెద్ద కేకు కొంది. తిరుగు దారిలో తన మనసులోది బయటపెట్టింది. కుప్ప తడవలేదు, అంతవరకూ నిజమే. కానీ లోపల పెట్టింది తడి పనలు. వేడి పుట్టిందో లేదో చూడాలంటే పట్టా తీసి, కుప్ప పక్కన పాయ చేసి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి చూడాలి. ఈ వానలో పట్టా తీస్తే నీళ్ళు దిగుతాయి. కాబట్టి వాన వెలిసేదాకా ఏమీ తెలియదు. ఉడికిపోతుంటే కూడా అలా చూస్తూ కూర్చోవడమే.

మళ్ళీ భట్టిప్రోలు

ఆ తర్వాతి రోజులు ముసురే. జ్వరం తగ్గి, నీరసం మిగిలింది. శేషగిరి పొద్దున్నా సాయంత్రం గొడుగు వేసుకుని వెళ్ళి కుప్ప చుట్టూ తిరిగి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి వచ్చేవాడు. ముక్కవాసన వస్తోందని ఒకసారి, రావట్లేదని ఒకసారి చెప్పేవాడు. వాడి ముక్కు ఉబ్బసపు ముక్కు కాబట్టి నాగమణి వినీ విననట్టు ఊరుకునేది. నేను తిరుగు టికెట్టు మార్చుకున్నాను. ఆ కుప్ప సంగతి తేలకుండా చెన్నై వెళ్ళబుద్ధి కాలేదు.

ఒక పొద్దున మళ్ళీ వణుకుతో మెలకువ వచ్చింది. ఈసారి నోరు విప్పలేదు. దిండు కింద పెట్టుకున్న థర్మామీటరు నోట్లో పెట్టుకుని, దీపం వేసి చూశాను. జ్వరం లేదు. అయినా నమ్మకుండా మళ్ళీ విదిలించి మళ్ళీ పెట్టుకున్నాను. లేదు. అప్పుడు లేచి కిటికీ తీశాను.

కాలవ లేదు, గట్టు లేదు, చేను లేదు. అంతా తెల్లగా కమ్ముకుని ఉంది. ముక్కుల్లోకి చురుక్కుమని చల్లగాలి, దాంట్లో ఎక్కడో గడ్డి కాలుతున్న వాసన. అచ్చంగా అదే. మా ఎనిమిదో క్లాసు చలి, అమ్మ చేతి మసివాసనతో సహా. కిటికీ చువ్వలు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి. నేను వచ్చింది దీనికోసమే కదా. కాసేపు అక్కడే నిలబడి, చచ్చిపోయిన నా ముగ్గురు తోబుట్టువుల్నీ పేరుపేరునా తలుచుకుని తనివితీరా ఏడ్చాను. ఆ తర్వాత కుప్ప గుర్తొచ్చింది. శాలువా కప్పుకుని కాలవ వంతెన మీదుగా చేలోకి నడిచాను.

నాకన్నా ముందే అందరూ అక్కడున్నారు. శేషగిరి నెత్తిన మంకీ క్యాప్ లేదు. మరియమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఎవరూ పిలవకుండానే వచ్చారు. నాగమణి పట్టా తాళ్ళు విప్పుతోంది. రాత్రంతా మంచు కురిసి తాళ్ళు బిర్రబిగుసుకుపోయాయి. వాటిని విప్పి, నీళ్ళు నిండిన పట్టా మడతల్ని పక్కకి లాగేసరికి ఆవిడ చేతులు ఎర్రగా కందిపోయాయి. మరియమ్మ కుప్ప నడుం దగ్గర గడ్డి పాయ చేసింది. నాగమణి జాకెట్టు చెయ్యి పైకి మడిచి లోపలికి పెట్టింది. పెట్టి అలా ఉండిపోయింది. ఎలా ఉందే అని శేషగిరి అడిగాడు గానీ, తను మాత్రం దగ్గరికి రాలేదు. దూరంగా గట్టు మీద నిలబడే అడిగాడు.

నాగమణి చెయ్యి బయటికి తీసి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"చలికి చేతులు మొద్దుబారిపోయాయి అక్కా. వేడో చలువో నాకు తెలియట్లేదు. మీరు పెట్టి చూడండి."

ఆ ఇంట్లో అందరికన్నా నమ్మకూడని ఒళ్ళు నాది. అది ఆవిడకీ తెలుసు. అయినా నన్నే అడిగింది. శాలువాలోంచి వెచ్చటి చెయ్యి తీసి, పాయలో దూర్చాను. గడ్డి మోచేతిని గీసింది. గీసిన చోట ఉప్పు చుర్రుమంది. ఇంకా లోపలికి, భుజం ఆనేదాకా పెట్టాను. వేళ్ళకి వెన్నులు తగిలాయి, గింజలు గట్టిగా ఉన్నాయి. వేడి కోసం భయం భయంగా వెతికాను. ఎక్కడా లేదు. గుప్పిట పట్టుకుని ఆగాను. అప్పటికీ లేదు.

"చల్లగా ఉంది నాగమణీ" అన్నాను.

"ఇంకొంచెం లోపలికి" అంది.

చెంప కుప్పకి ఆనించి, చేరగలిగినంత లోపలికి చేర్చాను. అక్కడ కూడా చల్లగానే ఉంది. ఆ మాట మళ్ళీ చెప్పాను. నాగమణి ఆ తడి గట్టు మీదే కూలబడి పమిట మొహానికి అడ్డం పెట్టుకుంది. మరియమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. శేషగిరి గట్టు దిగి వచ్చి, ఏం చేయాలో తెలియక, నా శాలువా జారిపోతుంటే సరిచేశాడు. వదినా, ఇక చెయ్యి తీసెయ్ అన్నాడు. నాకు తీయబుద్ధి కాలేదు.